పిడికెడు గూళ్లు చూసి లాట్ మొత్తానికి రేటు కట్టొద్దు



పోయిన పంటకు మేము 150 గుడ్లు మేపినాం. బైవోల్టిన్, తెల్ల గూడు. 96 కిలోలు మార్కెట్టుకు తీసుకుపోయినాం. ఒక రీలరు వచ్చి ముందు క్రేటులో చెయ్యి పెట్టి పిడికెడు తీసినాడు. దాంట్లో రెండు మరక గూళ్లు. ఇంకొకటి చెవి దగ్గర ఊపితే గలగలమనలేదు, లోపల పురుగు కరిగిపోయింది. "ఏమన్నా, అంతా ఇట్లనే ఉందా?" అన్నాడు. పక్కనున్న ఇద్దరు రీలర్లూ అదే క్రేటు చూసి పోయినారు. ఆ రోజు పక్క లాటు కన్నా మాకు కిలోకు 70 రూపాయలు తక్కువ పడింది. మొత్తం 6,720 రూపాయలు. ఆకు కోత కూలీ అంత ఉంటుంది.

ఆ క్రేటులోవి చివరి చంద్రికల గూళ్లు. రెండో రోజు పండిన పురుగులవి. చివర నింపినాం, బండి నుంచి ముందు దించినాం, అందుకే ముందు వరసలో నిలబడినాయి. వెనక ఏడు క్రేట్లు ఎవరూ తాకలేదు.

నిజం కూడా చెప్పుకోవాలి. మంచి గూడు పైన పరిచి, పలచవి, జంట గూళ్లు అడుగున వేసుకొచ్చేది మనలోనూ ఉంది. మేమూ ఒకప్పుడు చేసినాం. అందుకే రీలరు నమ్మడు, మంచి లాటుకు కూడా కొంత తగ్గించే పాడుతాడు. దానికి నష్టం కట్టేది నిజాయితీగా తెచ్చినవాడు. రామనగర, శిడ్లఘట్ట లాంటి పెద్ద మార్కెట్లలో వేలం ఎలక్ట్రానిక్ అయింది. కానీ రేటు పాడక ముందు గూడు చూసే పద్ధతి మాత్రం మా నాయన కాలం నాటి పిడికెడే.

పాల డెయిరీలో చూడండి. క్యాను బాగా కలిపినాకనే శాంపుల్ తీస్తారు. కలపకుండా పైన ముంచితే వెన్న శాతం తప్పు వస్తుందని మన ఊర్లో ఆడవాళ్లందరికీ తెలుసు. గూడును పాలలాగా కలపలేం, తిరగేసేకొద్దీ నలుగుతుంది. కలపలేని సరుకు కాబట్టే అన్ని చోట్ల నుంచీ కొంచెం కొంచెం తియ్యాల. రాగి చేలో పంట కోత ప్రయోగం చేసేటప్పుడు అధికారి తనకు నచ్చిన మూల కొయ్యడు, చోటు లాటరీ లాగా నంబర్లతో వస్తుంది. గూటికి మాత్రం చేతికి అందిందే లెక్క.

ఎన్ని తియ్యాలనేది ఇంకో మాట. మాది ఎస్సెస్సెల్సీ చదువు. బీఎస్సీ చదివే మా అన్న కొడుకు లెక్క వేసి చూపించినాడు. నిజంగా నూటికి 10 చెడ్డ గూళ్లున్న లాటులో 20 గూళ్లు తీస్తే, ఎనిమిది సార్లలో ఒకసారి ఒక్క చెడ్డది కూడా చేతికి రాదు. దాదాపు అంతే తరచుగా నాలుగో అంతకన్నా ఎక్కువో వచ్చి, లాటులో 20 శాతం చెడ్డదన్నట్టు చూపిస్తాయి. సరుకు ఒకటే, అదృష్టం వేరు. అదే 200 తీస్తే చాలావరకు 6 నుంచి 14 శాతం మధ్యనే వస్తుంది. అయితే ఆ 200 కూడా ఒకే క్రేటులో తీస్తే ఏం లాభం లేదు, ఆ క్రేటు సంగతే తెలుస్తుంది.

ఇంట్లో మేము ఇప్పుడు ఇట్లా చేస్తున్నాం. మాకు 60 చంద్రికలు. మొదటి రోజు పండిన పురుగులవి 45, రెండో రోజువి 15. ఈ రెండూ కలపకుండా విడిగా విడిపిస్తాం. ప్రతి మూడో చంద్రిక నుంచి పది గూళ్లు, అంచున, నడుమ, పైన, కింద, ఏరకుండా తీస్తాం. ఒకటో చంద్రికతో మొదలుపెట్టాల్నా, రెండుతోనా, మూడుతోనా అనేది పిల్లోడి చేత చీటీ తీయిస్తాం. మొదటి రోజువి 150, రెండో రోజువి 50, మొత్తం 200 వస్తాయి. మరక, పలచ, జంట, ఊజీ బొక్క, కరిగినవి విడివిడిగా లెక్కపెట్టి కాగితం మీద రాసుకుంటాం. ఇప్పటికి ఒక పంటకే చేసినాం. మొదటి రోజు గూళ్లలో 150కి 7 చెడ్డవి, రెండో రోజువాటిలో 50కి 9. ఇంత తేడా ఉంటే రెండూ ఒకే లాటుగా తీసుకుపోవడం మన తప్పే. వేరే లాటుగా పెట్టుకోవాల.

షెల్ శాతానికి గూడు కొయ్యాల, కోసింది పోయినట్టే. దానికి 200 కొయ్యమని ఎవరూ అనరు. ఆ 200లో నుంచే కళ్లు మూసుకొని 20 తీసి కోస్తే చాలు. 20 గూళ్లు 36 గ్రాములు, ఖాళీ షెల్లులు 7.6 గ్రాములు తూగితే 21 శాతం. ఇక్కడ ఒక జాగ్రత్త. లావుగా ఉన్న గూళ్లు ఏరి కొయ్యొద్దు. లావువాటిలో ఆడవి ఎక్కువ, వాటికి పురుగు బరువెక్కువ, షెల్ శాతం తక్కువ చూపిస్తుంది. గొప్పకు పెద్ద గూడు చూపించి మనమే నష్టపోతాం.

మార్కెట్ అధికారులను మనం అడగాల్సింది ఒక్కటే. వేలానికి ముందు మార్కెట్ మనిషే, రైతు ఎదుట, రీలర్ ఎదుట, ప్రతి క్రేటులో పైన, నడుమ, అడుగున కలిపి 25 గూళ్లు తియ్యాల. లెక్క చీటీ మీద రాసి లాటు మీద పెట్టాల. సమయం చాలదంటారు. మా ఇంట్లో ఇద్దరం కూర్చుంటే 200 గూళ్లు ఏరేది పది నిమిషాల పని. రోజుకు ఎన్నో లాట్లు చూసే రీలరుకు కూడా అది మేలే, పది చోట్ల చెయ్యి పెట్టే పని తప్పుతుంది. పైన మంచిది పరిచే మన అలవాటు కూడా దాంతోనే ఆగుతుంది, అడుగు దాకా చెయ్యి పోతుందని తెలిస్తే ఎవరు పరుస్తారు?

వచ్చే పంట నుంచి మా ఊర్లో నాలుగు ఇండ్లవాళ్లం మా లెక్క కాగితం తీసుకొని మార్కెట్టుకు పోతాం. హోసూరు, కృష్ణగిరి వైపు వాళ్లు కూడా చేసి చూడండి. ఇంట్లో వచ్చిన శాతం, మార్కెట్లో పడిన రేటు, రెండూ పక్కపక్కన రాసి ఇక్కడ పెట్టండి. పది లాట్ల లెక్క చేతిలో ఉంటే అధికారుల దగ్గరికి అర్జీతో పోదాం.