ఇంజనులోని మడ్డి, నిలువ బాకీ

మన సంఘసభ్యులలో ననేకులయొద్ద పదునైదు, ఇరువది యేండ్లు వాడిన ట్రాక్టర్లు కలవు. క్రొత్తవి కొనుశక్తి యందరకును లేదు. ఉన్నదానిని కాపాడుకొనుటయే సన్నకారు రైతునకు మార్గము. కావున పలువురు పనులు లేని దినములలో ఇంటియొద్దనే యింజను మూతలు విప్పి, తామే శుభ్రపరచుకొనుచున్నారు. ఇది మెచ్చదగిన విషయమే. కాని యీ పనిలో నొక తప్పు తరచుగా జరుగుచున్నది. దానినిగూర్చి మా యభిప్రాయమును మొగమోటము లేక తెలుపదలచితిమి.

ఆ తప్పు ఏదనగా, మడ్డి పేరిన యింజనులో కిరసనాయిలునో, డీజిలునో పోసి కొంతసేపు నడిపి, దానిని కార్చివేసి, లోపల శుభ్రమైనదని నమ్ముట. పరులను నిందించుటకై యీ మాట వ్రాయుటలేదు. మేమే యీ పని చేసి నష్టపడితిమి. కొన్నియేండ్ల క్రిందట సార్వా దమ్ములకు ముందు మా పాత ట్రాక్టరు పైమూత విప్పి చూడగా, నల్లని మడ్డి వ్రేలిమందమున పేరియుండెను. తెలిసినవారొకరు చెప్పగా విని, కిరసనాయిలు పోసి పది నిమిషములు నడిపితిమి. కారినది తారువలె నల్లగా నుండుటచే లోపలి కల్మషమంతయు పోయినదని సంతసించి క్రొత్తనూనె పోసితిమి.

నాలుగవనాడు మడిలో దమ్ము చేయుచుండగా ఆయిలు దీపము వెలిగెను. ఎండవెలుగులో అది మా కంటబడలేదు. ఇంజను కొట్టుకొను చప్పుడు విని యాపునప్పటికే క్రాంకు బేరింగులు చెడిపోయెను. క్రింది తొట్టి విప్పినపుడు కారణము బోధపడెను. కిరసనాయిలునకు వదలిన మడ్డిపెళ్లలు కరగిపోలేదు. అవి వచ్చి, నూనెపంపు నోటియొద్ద నుండు జాలీని కప్పివేసినవి. తొట్టినిండ నూనె యున్నను బేరింగులకు చుక్కయైన నందలేదు. క్రాంకు సానబట్టించి బేరింగులు మార్పించుటకు, ఎరువులకై సంఘమునుండి తెచ్చిన ఋణము వ్యయమైపోయెను. మా నారు ముదిరెను. మా ట్రాక్టరును నమ్ముకొన్న యిరువురు పొరుగువారి నాట్లుకూడ వెనుకబడెను.

ఇట్లు చేసినను తమ యింజనున కేమియు కాలేదని చెప్పువారు కలరు. వారి మాట యబద్ధము కాదు. మడ్డి పలుచగా నున్నచోట నపాయము తప్పవచ్చును. కాని లోపల నెంత పేరినదో చూడనివాడు కిరసనాయిలు పోయుట జూదమాడుట వంటిది. ఇదియు గాక, పలుచని కిరసనాయిలు బేరింగుల నడుమ నిలిచి బరువును మోయజాలదు. నూనె చేయు పనిని అది చేయలేదు.

అసలు మడ్డి యెట్లు పుట్టును? వేడికిని గాలికిని నూనె చెడిపోవును. డీజిలు మసి పిస్టను రింగులను దాటి క్రిందికి దిగి నూనెలో కలియును. ఇంటినుండి పొలమునకు, పొలమునుండి యింటికి కొద్దిదూరము మాత్రమే తిరుగు నింజను చాలినంత వేడెక్కదు. అట్టిదానిలోని తేమ యావిరియై పోక నూనెలోనే నిలిచిపోవును. వెనుకటి డీజిలులో గంధకము హెచ్చుగానుండి ఆమ్లములను పుట్టించుచుండెడిది. 2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతట అమలునకు వచ్చిన బి.ఎస్.-6 నియమముచే, డీజిలులో గంధకము పదిలక్షల పాళ్లకు 10 పాళ్లు మించరాదు. ఇంధనము బాగుపడినది గాని మన యలవాటు బాగుపడలేదు. నూనె మార్చవలసిన గడువును దాటవేసి, తగ్గినంతమేరకు పైన పోయుటయే పొదుపని భ్రమపడుచున్నాము.

మడ్డి నిలువబాకీ వంటిదని మా యభిప్రాయము. తప్పిన యొక్కొక్క గడువును అసలులో కలిసి పెరిగినది. పదియేండ్ల బాకీని ఒక్కనాడు తీర్పజూచువాడు ఇల్లమ్ముకొనును. వాయిదాలపై తీర్చువాడు నిలుచును. ఇంజనునకును ఇదియే న్యాయము.

కావున మొదట కారణమును వెదకవలెను. కొలతకడ్డీ తీసి చూచినపుడు నూనె పాలు కలిపిన తేనీటి రంగున నున్నయెడల నీరు చేరినదని గ్రహింపవలెను. హెడ్డు ప్యాకింగును పరీక్షింపక మడ్డిని మాత్రము తీసిన ప్రయోజనము లేదు. నూనె తగ్గుటకు మారుగా పెరుగుచున్నచో డీజిలు దిగుచున్నదేమో చూడవలెను. బ్రీదరు గొట్టము మూసికొనిపోయిన, తేమ బయటికి పోవు దారి యుండదు.

పిమ్మట చేతితో తీయగలిగినంత మడ్డిని చేతితోనే తీయవలెను. పైమూత విప్పి, నూనె క్రిందికి దిగు రంధ్రములను గుడ్డలతో మూసి, మడ్డిని కఱ్ఱపుల్లతో గీకి తీయవలెను. ఎన్ని గుడ్డలు పెట్టితిమో లెక్క వ్రాసికొనుట మరువరాదు. ఒకటి లోపల మిగిలినను ముప్పే. క్రింది తొట్టి విప్పదగినదైనచో విప్పి, తొట్టిని, జాలీని బయట కిరసనాయిలుతో కడిగి ఆరబెట్టవలెను. విప్పిన భాగములను కడుగుటకు కిరసనాయిలు మంచిదే. నిప్పు మాత్రము చేరువను ఉండరాదు. కొన్ని ట్రాక్టర్లలో ఆ తొట్టియే ముందు భాగపు బరువును మోయుచుండును. అట్టివానిని ఇంటియొద్ద విప్పరాదు, పనివానికి అప్పగింపవలెను. ఉత్త జాకీని నమ్మి యంత్రము క్రింద దూరుట ఎన్నడును కూడదు.

మరల బిగించి, క్రొత్త ఫిల్టరు వేసి, మంచినూనె పోసిన పిదప, ఆపుకడ్డీ లాగిపట్టి, ఆయిలు దీపము ఆరువరకు ఇంజనును వట్టిగా త్రిప్పి, తరువాతనే నడుపవలెను. చేతి కందని మూలల మిగిలిన మడ్డిని మంచినూనెయే మెల్లగా కరగించి తెచ్చును. కనుక 50 గంటలకు నూనెను ఫిల్టరును మార్చి, మరల 50 గంటలకు మార్చవలెను. పిమ్మట యంత్రముతో వచ్చిన పుస్తకములోని గడువును పాటించిన చాలును. చాల ట్రాక్టర్లకు అది 250 గంటలు. తొట్టి యెనిమిది లీటర్లు పట్టునదైనచో, ఈ రెండు మార్పులకు హెచ్చుగా నగునది పదునారు లీటర్ల నూనె మాత్రమే. క్రాంకు సానకు, బేరింగులకు మేము పెట్టిన వ్యయముతో పోల్చిన నిది యెంత?

ఇక దించిన నూనె మాట. దీనిని కాలువగట్టున పారబోయుట, కలుపుమీద చల్లుట, దూలములకు పూయుట మన పల్లెలలో వాడుక. ఇందు లోహపు పొడియు, మసియు కలిసియుండును. చర్మమునకు కీడు, నీటికి కీడు. 2016వ సంవత్సరపు ప్రమాదకర వ్యర్థముల నియమములలో వాడిన నూనెయు చేరియున్నది. అనుమతి పొందిన శుద్ధి కర్మాగారమునకే అది చేరవలెను. ఒక్క రైతు ఎనిమిది లీటర్లు పట్టుకొని ఎక్కడికి పోగలడు? సంఘము కూర్చిన పోగలదు.

అందుచే రాబోవు సర్వసభ్య సమావేశమున మూడు విషయములు ఆలోచింపవలెనని మా మనవి. మొదటిది, నమ్మకమైన చోటినుండి 210 లీటర్ల నూనె పీపాను సంఘమే తెప్పించి సభ్యులకు కొలిచి యిచ్చుట. ఎనిమిది లీటర్ల చొప్పున ఇరువదియారు మార్పులకు అది చాలును, కల్తీ డబ్బాల బెడదయు తప్పును. రెండవది, వాడిన నూనెకు గిడ్డంగిలో వేరొక పీపా నుంచుట. మూడవది, మంచి పానాలు, బోల్టులను సరియైన బిగువుకు బిగించు టార్కు రెంచి గల పెట్టెను సభ్యులందరకు ఉమ్మడిగా నుంచుట.

వీనికి ముందు ప్రతి సభ్యుడును తనకు తాను చేసికొనదగిన పని యొకటి కలదు. బాకీలకు ఖాతాపుస్తక మున్నట్లు ట్రాక్టరునకును ఒక చిన్నపుస్తకము పెట్టి, నూనె మార్చిన తేదీని, గంటలను వ్రాయుడు. మా యింట నట్టి పుస్తకము ముందే యుండినచో, ఆ సార్వాలో మూడు కుటుంబముల నాట్లు వెనుకబడి యుండెడివి కావు.