సెల్ఫ్ ఎత్తని చదువులు

మన చదువుల్లో లోపముందని అనడం ఈ రోజుల్లో ఒక ఆచారమైపోయింది. ప్రతి సావనీరులోనూ ఎవరో ఒకరు ఆ మాట రాస్తూనే ఉంటారు. నేనూ అదే రాస్తున్నాను. అయితే ఇది వేదిక మీద విన్న మాట కాదు, ఏర్పేడులో జీపు కింద వెల్లకిలా పడుకొని నేర్చుకున్న పాఠం.

నిరుడు వేసవి సెలవుల్లో గుడిమల్లం పరశురామేశ్వరాలయం చూద్దామని నలుగురు మిత్రులం మా మామగారి పాత మహీంద్రా డీజిల్ జీపులో బయలుదేరాం. ఏర్పేడులో సోడా తాగడానికి ఆపాం. మళ్లీ తాళం తిప్పితే ‘టక్’మన్న చప్పుడు తప్ప ఇంజను కదల్లేదు. లైట్లు వెలుగుతున్నాయి, హారన్ మోగుతోంది. కనుక బ్యాటరీ మంచిదే, సెల్ఫ్ మోటారే కాలిపోయిందని మూడో సంవత్సరం ఎలక్ట్రికల్ విద్యార్థినైన నేను తీర్పు చెప్పేశాను. తోసి స్టార్టు చేద్దామని ఒకడన్నాడు గానీ నా పాండిత్యం ఒప్పుకోలేదు!

జీపులో ఉన్న పానాలతో మోటారు దించడానికి దిగాను. మొట్టమొదట బ్యాటరీ ఎర్తు వైరు విప్పాలి. అది మరిచి లావు కేబులు నట్టు మీద పానా పెట్టాను. పానా రెండో కొస ఛాసిస్‌కు తగిలింది. పెళ్లున మెరుపు, పానాకు గంటు, నా వేళ్లకు బొబ్బలు. తర్వాత ఎర్తు విప్పి కింది బోల్టు ఊడదీశాను. పై బోల్టు చేతికందదు, కంటికి కనపడదు. అది ఊడేసరికి అరగంట. ఊడగానే కింద చెయ్యి పెట్టనందువల్ల మోటారు కాస్తా నా రొమ్ము మీదికే దిగింది.

అప్పటికి రోడ్డు పక్క షెడ్డు మెకానిక్ అన్న వచ్చి చూస్తున్నాడు. మోటారును నేల మీద పెట్టి, కాలితో అదిమి, బ్యాటరీ నుంచి వైర్లు తగిలించినాడు. రయ్యిమని తిరిగింది.

“మోటారు మంచిదే కదప్పా. దీన్నెందుకు దించినారు?”

“లైట్లు వెలుగుతున్నాయి కదా అన్నా, అందుకని...”

“లైటు వెలిగే కరెంటు సెల్ఫుకు చాల్తుందా నాయనా? మీ పుస్తకంలో ఆ మాట లేదా?”

పుస్తకంలో ఉంది. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. డీజిలింజను సిలిండరులోని గాలిని సుమారు 20వ వంతుకు కుదించాలి. అంత బరువు తిప్పే మోటారుకు వందల ఆంపియర్లు కావాలి. 300 ఆంపియర్లు పారే దారిలో 0.02 ఓముల అడ్డుంటే 6 వోల్టులు అక్కడే హరించుకుపోతాయి. 12 వోల్టుల బ్యాటరీలో సగం! గేరుబాక్సు నుంచి ఛాసిస్‌కు పోయే ఎర్తు పట్టీ తుప్పుపట్టి ఉంది. ఓమ్ సూత్రం నోటికి వచ్చిన నాకు ఆ తుప్పు కనపడలేదు. బడి మానేసిన ఆయనకు కనపడింది.

పట్టీ విప్పి గీకినాడు. మోటారు కూర్చునే ముఖం గుడ్డతో తుడిచినాడు. ఆ ముఖం గుండానే దానికి ఎర్తు అందాలట. ఖాళీలోంచి ఫ్లైవీలు రింగు పళ్లు అరిగినాయేమో చూసినాడు. బోల్టులు రెండూ ముందు చేత్తో పట్టించి, ఆ తర్వాతే పానా వేసినాడు. బ్యాటరీ ఎర్తు వైరు అన్నిటికంటే చివర. తాళం తిప్పగానే ఇంజను అందుకుంది.

1912లో కాడిలాక్ కారుకు ఎలక్ట్రిక్ సెల్ఫ్ వచ్చింది. అంతకుముందు హ్యాండిలు తిప్పేవారికి, అది ఎదురు తన్నితే మణికట్టు విరిగేది. ఈ పరికరం చేతి కష్టం తప్పించింది, మంచిదే. కానీ మన చదువులు చేతినే తప్పించేశాయి!

ఇప్పుడన్నీ కంప్యూటరు బండ్లు, మోటారు మొత్తం మార్చేస్తే సరిపోతుందని కొందరు మిత్రులంటారు. కంప్యూటరు ఉన్న డీజిలు బండికీ బ్యాటరీ ఉంది, ఎర్తు పట్టీ ఉంది. మార్చేస్తే సరే, డబ్బెవరిది? ఇదే జబ్బు కోతల రోజుల్లో ఒక రైతు ట్రాక్టరుకు వస్తే, తుప్పు గీకితే పోయేదానికి కొత్త మోటారు కొనిపించే ఇంజనీరు అతనికి మేలు చేసినవాడా, కీడు చేసినవాడా?

నేను పుస్తకాన్ని తక్కువ చేయడం లేదు. ఆ అన్న అనుభవానికి లెక్క తోడైతే ఇంకా ఎంతో చేయగలడు. నా లెక్కకు అతని చెయ్యి తోడైతే నేనూ మనిషినవుతాను. 2015లో మొదలైన ఐఐటీ, ఐసర్ రెండూ నేడు ఏర్పేడు ఛాయల్లోనే ఉన్నాయి. ఆ ప్రయోగశాలలకూ ఈ షెడ్డుకూ దూరం కొద్ది మైళ్లే. కానీ ఆ మధ్య రాకపోకలున్నాయా? మన కళాశాలకూ ఇదే ప్రశ్న.

కనుక యూనియన్‌కు నాదొక మనవి. ప్రతి టర్ములో రెండు రోజులు ఊళ్లోని మెకానిక్కులను మన వర్క్‌షాపుకు పిలిపించాలి. చూసి పొమ్మని కాదు, పాఠం చెప్పమని. అధ్యాపకులకిచ్చే గౌరవంతో, తగిన పారితోషికంతో పిలవాలి. ఆ పనికి మార్కులూ ఉండాలి. మార్కులు లేనిదే మనం కదలమని అందరికీ తెలిసిందే కదా!

ఆ రోజు కూలి ఎంతని అడిగితే ఆయన నవ్వి, “సోడా తాగించండి చాలు” అన్నాడు. తాగించాం. కానీ ఆ బాకీ తీరిందని నేననుకోవడం లేదు.