ఆపత్కాలమున పాఠశాలలు – మతాచార్యుల ధర్మము

గ్రామమునకు ఆపద వచ్చినపుడు మొట్టమొదట మూతపడునది పాఠశాల. ఆపద తీరిన పిమ్మట కట్టకడపట తెరువబడునదియు పాఠశాలయే. అంగడి తెరువక తప్పదు, పొలమునకు పోక తప్పదు, కచేరీ నడువక తప్పదు. పిల్లవాని చదువొక్కటి మాత్రము రేపటికి వాయిదా వేయదగినదని మనవారి తలంపు. ఆ రేపు రానేరాక, పలక పట్టిన చేయి పశువుల పలుపు పట్టుటయు, ఈడు రాని ఆడుబిడ్డకు ముహూర్తము పెట్టబడుటయు మన మెరుగని సంగతులు కావు. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలపై గడచిన కొన్ని సంవత్సరములలో ఒకదాని వెంట నొకటిగా వచ్చిన విపత్తులను తలచుకొని, ఇట్టి వేళల పాఠశాలను నిలిపియుంచు భారములో ఆలయార్చకులకును, మసీదు ఇమాములకును, క్రైస్తవ సంఘముల పాదిరీలకును గల పాలెంతయో నేడు విచారింప దలచితిమి.

2020 మార్చి నడుమ కరోనా వ్యాధి కారణమున రాష్ట్రమునందలి బడులన్నియు మూయబడెను. ఆ సంవత్సరము సెప్టెంబరు 1 నుండి దూరదర్శనము ద్వారమునను, టీ-శాట్ ద్వారమునను పాఠములు ప్రసారమయ్యెను. 2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, పది తరగతుల వారికి బడులు తెరచి, కొలది వారములలోనే, మార్చి 24న, మరల మూసిరి. అయిదవ తరగతి లోపలి చిన్నపిల్లలు తమ బడి గడప త్రొక్కుట 2021 సెప్టెంబరు 1ననే. అనగా దాదాపు పదునేడు నెలలు. ఇంట టెలివిజను గలిగి, చేత ఫోను గలిగి, ప్రక్కన కూర్చుండి చెప్పగల తల్లిదండ్రులు గల బిడ్డకు ఆ కాలము కొంత గడచినది. ఇంట లంబాడీ మాటయే తప్ప తెలుగు వినని తండా బిడ్డకును, తల్లిదండ్రు లుదయముననే కూలికి పోవు వాడల బిడ్డకును ఆ పదునేడు నెలలు చదువులో పూడ్చరాని గండి యయ్యెను.

ఆ గండి పూడకముందే వరదలు వచ్చెను. 2023 జూలై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లాలోని మోరంచపల్లిని ముంచివేసెను. జనులు మిద్దెల మీదికెక్కి ప్రాణములు దక్కించుకొనుచుండగా సైన్యపు హెలికాప్టర్లును, రక్షణ దళముల పడవలును వచ్చి వారిని తరలింపవలసి వచ్చెను. 2024 సెప్టెంబరు 1న ఆకేరు పొంగి మహబూబాబాదు జిల్లా మరిపెడ మండలములోని సీతారాంతండా నీట మునిగెను. కేసముద్రము ఇంటికన్నెల నడుమ రైలుపట్టాల క్రింది కట్ట కొట్టుకొనిపోయి బండ్లు నిలిచిపోయెను. జనగామ ప్రాంతమునకు నీటి పోటుకంటె నీటి కరవే చిరకాల శత్రువు. వానలు తప్పిన యేట కూలికై పట్నమునకు వలసపోవు కుటుంబముతో బిడ్డయు పోవును. పిల్లవాని పేరు హాజరుపట్టీలో నుండును, పిల్లవాడు మాత్ర ముండడు. వరద యింటిలో చొరబడినపుడు ధాన్యముతోపాటు పుస్తకమును, బట్టలతోపాటు ధ్రువపత్రమును పోవును. నష్టపరిహారపు లెక్కలలో గోడయు గొడ్డును చేరును గాని, పోయిన చదువు చేరదు.

ఇట్టి సమయమున గ్రామములో నుండువా రెవరు? ఉపాధ్యాయులలో పెక్కండ్రు పట్టణమున కాపురముండి బస్సులమీద వచ్చిపోవువారు. వాగు పొంగి దారి తెగెనా, వారికి రావలెనన్నను రాజాలదు. అధికారి పరామర్శకు వచ్చి సాయంకాలమునకు మరలిపోవును. అర్చకుడు, ఇమాము, పాదిరీ, తండాలో సేవాలాలు గుడి పూజారి, కోయగూడెమున వడ్డె – వీరు మాత్రము ఊరితోపాటు తడిసి, ఊరితోపాటు ఎండువారు. ఏ యింట ఎందరు పిల్లలున్నారో, ఎవరు వలసపోయిరో, ఏ తల్లి ఒంటరిదో వీరికి తెలిసినట్లు ఏ దస్తరమునకును తెలియదు. వీరి మాటకు గ్రామమున విలువ కలదు. వీరి యధీనమున ఒక కప్పు, ఒక వాకిలి, ఒక గంట యున్నవి. ఆపత్కాలమున బడికి కావలసినవియు నవియే గదా!

మతాచార్యుడు పాఠశాలను పోషించుట మన దేశమునకు క్రొత్త కాదు. కాకతీయుల రాజగురువైన విశ్వేశ్వర శివాచార్యులు గోళకీమఠమునకు చెందిన శైవాచార్యుడు. గణపతిదేవ చక్రవర్తియు, రుద్రమదేవియు ఆయనకు కృష్ణాతీరమున మందడము, వెలగపూడి గ్రామముల నొసంగిరి. ఆయన యచట దేవాలయమునకు చేరువనే విద్యాలయమును, ఆరోగ్యశాలను, ప్రసూతిశాలను, కులభేదము లేక ఎల్లవారికిని అన్నము పెట్టు సత్రమును నెలకొల్పినట్లు 1261 నాటి మల్కాపురశాసనము చాటుచున్నది. గుడి, బడి, వైద్యశాల, అన్నసత్రము ఒక్క ప్రాంగణమున వెలసిన యీ వ్యవస్థను కల్పించినవాడు సన్న్యాసి. పోషించినది ఓరుగల్లు సింహాసనము. నేటి యీ మూడు జిల్లాలును ఆ ఓరుగల్లు ముంగిటివే.

ఇటీవలి కాలమునకు వత్తము. 1876–78 సంవత్సరముల ధాత కరవులో ఒంగోలు నందలి అమెరికను బాప్తిస్టు మిషనుకు చెందిన జాన్ క్లౌ అను పాదిరీ, బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును తాను గుత్తకు తీసికొని, తన బోధకులనే మేస్త్రీలుగా నిలిపి, ఆకలిగొన్నవారికి పనియు కూలియు కల్పించెను. ఆ పని సాగినంతకాలమును ఆయన ఒక నియమము పాటించెను: కరవు సహాయము నడచుచుండగా ఎవ్వరికిని బాప్తిస్మమీయరాదని. అన్నము కొరకు మతము మార్చుకొనిరను అపవాదు తన సంఘమునకు రాకూడదని ఆయన తలంపు. సహాయము ముగిసిన పిమ్మటనే, 1878 జూలై 3న, ఒక్కనాడే 2,222 మందికి బాప్తిస్మము జరిగినది. ఆ పిమ్మటి సంఖ్యను గూర్చి ఎవరి యభిప్రాయము వారికుండవచ్చును. ఆపదను బేరముగా చేయరాదను ఆ నియమము మాత్రము సర్వమతములవారికిని శిరోధార్యమని మా యభిప్రాయము.

మహబూబాబాదు జిల్లాలోని డోర్నకలు చరిత్ర మనకు మరింత దగ్గరది. తిరునల్వేలి సీమలో పుట్టిన వేదనాయకం శామ్యూలు అజరయ్య 1909లో డోర్నకలు చేరెను. ఆయనను పంపినది 1903లో తిరునల్వేలి క్రైస్తవులు నెలకొల్పుకొన్న భారతీయ సంఘము. దేశీయుల ధనముతో, దేశీయుల మనుష్యులతో, దేశీయుల యాజమాన్యమున పని జరుగవలెనన్నది దాని నియమము. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన బిషప్పుగా అభిషిక్తుడయ్యెను. ఆంగ్లికను సంఘమునందు ఆ పదవి నందిన తొలి భారతీయు డాయనయే. తెలుగు నేర్చి, 1945 జనవరి 1న కన్నుమూయువరకు డోర్నకలునే యిల్లుగా చేసికొనెను. ఆయన పద్ధతిలో ముఖ్యమైనది పల్లె పంతులు. మాలమాదిగ వాడలలోనే కాపురముండి, పగలు పశువులు కాచు పిల్లలకు రాత్రిపూట దీపము వెలుగున అక్షరములు దిద్దించుట ఆ పంతులు పని. 1939లో ప్రతిష్ఠ జరిగిన డోర్నకలు దేవాలయమున హిందూ మహమ్మదీయ శిల్పరీతులు రెండును కలిసియుండుట చూచువారి కెల్ల తెలియును.

సామూహిక మతాంతరీకరణ విషయమున గాంధీ మహాత్మునకును అజరయ్యకును 1930 తరువాతి దశాబ్దమున తీవ్రమైన భేదాభిప్రాయ ముండెను. జాతీయవాదులమైన మేము ఆ ప్రశ్నను తేలికగా త్రోసివేయజాలము. చదువు చెప్పుటయు మతము చెప్పుటయు ఒక్కచేతి పనియైనపుడు, నేర్చుకొను బిడ్డకు రెంటిని విడదీయు శక్తి యుండదు. అయినను మన పాఠకులలో భూవసతి గల పెద్దలను మేమొక మాట యడుగక తప్పదు. ఆ పంతులు ఆ వాడకు పోయిన నాడు, మన వీధిబడి ఆ వాడ బిడ్డను లోనికి రానిచ్చెనా? మన చావడి అరుగుపై వానికి చోటుండెనా? లేదు. మనము మూసిన తలుపును మరియొకడు తెరచిన, తెరచినవానిని నిందించుటకు ముందు మూసినవారి లెక్క తేలవలెను. మతాంతరీకరణ భయమునకు తగిన మందు మరియొకని సేవను నిరోధించుట కాదు. మనమును సేవకు పూనుకొనుట.

కావున మేము కోరున దేమన, ఈ మూడు జిల్లాలలో అన్ని మతముల ఆచార్యులును ఆపత్కాలమున పాఠశాలకు స్వచ్ఛందముగా తోడుపడవలెను. అందుకు మూడు కట్టుబాట్లు కావలెను. మొదటిది: సహాయము ప్రధానోపాధ్యాయుని అజమాయిషీలో, పాఠశాల కమిటీ యెరుకతో జరుగవలెను. రెండవది: ఆ వేళలలో మతబోధ యుండరాదు, ప్రభుత్వధనముతో సంపూర్ణముగా నడచు విద్యాలయములలో మతబోధ కూడదని రాజ్యాంగపు 28వ అధికరణము విధించియున్నది. ఆ నిషేధమును గుడి వసారాలోను, చర్చి సావడిలోను నడచు తాత్కాలికపు బడికి సైతము స్వచ్ఛందముగా పాటించుట మర్యాద. మూడవది: ఏ మతపు కప్పు క్రింద బడి నడచినను, ఏ మతపు బిడ్డయైనను, ఏ కులపు బిడ్డయైనను సమానముగా కూర్చుండవలెను. చాపలు వేరు, నీటికుండ వేరు అను ఆచార మున్నచోట అది బడి కానేరదు.

చేయవలసిన పనులు గొప్పవి కావు. మెరకనున్న ప్రార్థనామందిరమును వరదదినములలో పిల్లలకు తెరచియుంచుట. ఏ పిల్లలు ఎచటికి పోయిరో పట్టిక వ్రాసి బడికి అందించుట. నీటిపాలైన ధ్రువపత్రములకై మండల కచేరీకి దరఖాస్తు వ్రాసిపెట్టుట. సాయంకాలము గంటసేపు వాచకము చదివించుట. మధ్యాహ్నభోజనము నిలిచిపోయిన దినములలో ఊరి దాతలను కూర్చి ఒక్కపూట అన్నము సమకూర్చుట. బడి తెరచిన నాడు ఇల్లిల్లు తిరిగి పిల్లలను తోడ్కొనిపోవుట. శుక్రవారపు నమాజు పిమ్మట ఇమామును, ఆదివారపు ఆరాధన పిమ్మట పాదిరీయును, తీర్థమిచ్చుచు అర్చకుడును, “మీ బిడ్డ బడికి వచ్చుచున్నాడా?” యని యొక్క మాట యడిగిన చాలును, కలెక్టరు సర్క్యులరు చేయజాలని పని ఆ మాట చేయును.

వీని యన్నిటికంటె ముఖ్యమైన దొకటి కలదు. బడి మూతపడినపుడు అందరికంటె నష్టపోవునది ఆడుపిల్ల. చదువు లేక ఇంట కూర్చుండిన పిల్లకు పెండ్లి చేసి భారము దించుకొందమను ఆలోచన ఆపత్కాలముననే బలపడును. అయితే, ఏ మతమందైనను పెండ్లి జరుగుటకు ఒక ఆచార్యుడు కావలెను గదా! పురోహితుడు మంత్రము చెప్పననిన, కాజీ నికా చదువననిన, పాదిరీ ఆశీర్వదింపననిన ఆ పెండ్లి యెట్లు జరుగును? పదునెనిమిదేండ్లు నిండని కన్యకు పెండ్లి జరిపించు వానికి రెండు సంవత్సరముల వరకు కఠినశిక్షయు, లక్ష రూపాయల వరకు జుల్మానాయు 2006 నాటి బాల్యవివాహ నిషేధచట్టము విధించియున్నది. శిక్షాభయముచే గాక ధర్మబుద్ధిచేతనే మన ఆచార్యులు “ముందు బడి, పిమ్మట పెండ్లి” యని కట్టుగా నిలిచిరేని, వేయి ప్రసంగములకంటె నది మేలైన విద్యాదానమగును.

ఇంత చెప్పినంతమాత్రమున ప్రభుత్వమునకు భారము తగ్గినదని తలంపరాదు. ఆరు మొదలు పదునాలుగేండ్ల బిడ్డ కెల్ల ఉచిత నిర్బంధవిద్య నొసంగుట 21-ఎ అధికరణమున చేరిన ప్రాథమికహక్కు; అందుకై 2009లో చేసిన చట్టము 2010 ఏప్రిలు 1 నుండి అమలున నున్నది. ఖాళీయైన ఉపాధ్యాయుని కుర్చీలో అర్చకునో పాదిరీనో కూర్చుండబెట్టి, “బడి నడచుచున్నది గదా” యని ఊరకుండుట ప్రభుత్వమునకు తగదు. స్వచ్ఛందసేవ ఏరు దాటించు తెప్పయే గాని వంతెన కాదు. వాగు తగ్గగానే ఉపాధ్యాయుడు రావలెను, కూలిన గోడ లేవవలెను, పోయిన పుస్తకములు తిరిగి రావలెను. మరల పొంగు వాగునకు వంతెన కట్టుటయు నిజమునకు విద్యాశాఖ మేలు కోరు పనియే.

ఇక మన పాఠకులకు. పల్లెలలో దేవుని కొలుచు ఆచార్యులలో పెక్కండ్రు పేదలు. చిన్న గుడి అర్చకుడు స్వల్పమైన ధూపదీపనైవేద్యపు భృతితో కాలము గడపువాడు. పల్లె పాదిరీ, చిన్న మసీదు ఇమాము అట్టివారే. వట్టిచేతులతో బడిని మోయుమని వారిని పురికొల్పి, పొలములును మేడలును గలవారము దూరమునుండి మెచ్చుకొనుట న్యాయము కాదు. వారు కాలమిత్తురు, మనము చాపలు, దీపములు, పుస్తకములు, బియ్యము ఈయవలెను. ఉత్సవమునకు వ్రాసెడు చందాపట్టీలో ఒక వంతు ఊరి బడి ఆపన్నిధికి వ్రాయుట ప్రారంభించిన, వచ్చు వానకాలమునకే కొంత సిద్ధముగా నుందుము. జనగామలోను, మహబూబాబాదులోను, భూపాలపల్లిలోను గల మతపెద్దలును, పట్టణప్రముఖులును ఒక్కచోట కూర్చుండి, వానకాలమునకు పూర్వమే, ఏ ఊర ఏ కప్పు క్రింద బడి నడుపవచ్చునో నిర్ణయించుకొందురు గాక యని మా మనవి. వాగు పొంగిన నాడు వెదకుకొనుటకంటె, పొంగకముందే చేతులు కలుపుట మేలు.