కారకోరం పెట్టని కోట కాదు

హిమాలయాలు మన దేశానికి పెట్టని కోట అని చిన్ననాటి నుండి వల్లె వేశాము. ఆ వాక్యానికి మార్కులు తప్పక పడేవి. కాని ఆ వల్లెవేతలో కారకోరం అనే మరొక పర్వతశ్రేణి కనుమరుగయిందని మా ఫిర్యాదు. దానిని గూర్చి మనకు తెలిసినదల్లా కె2 శిఖరం ఎత్తు 8,611 మీటర్లు అన్న ఒక్క మార్కు జవాబు. ఆ కె2 అన్నది కూడ పేరు కాదు. 1856లో మాంట్‌గోమరీ అనే సర్వే అధికారి హరముఖ్ పర్వతం మీది నుండి ఎంతో దూరాన కనబడిన శిఖరాలకు వేసుకొన్న వరుస గుర్తులలో రెండవది!

కారకోరం హిమాలయాలకు తోక కాదు. రెండింటి నడుమ సింధు, ష్యోక్ నదుల లోయలు ఉన్నాయి. ఎనిమిది వేల మీటర్లు దాటిన శిఖరాలు ఈ శ్రేణిలో నాలుగు గలవు. నైరుతి ఋతుపవన మేఘాలు ఇంత దూరం చేరేసరికి చాలవరకు వట్టిపోతాయి. ఇక్కడి మంచులో అధికభాగం శీతకాలంలో పడమటి గాలులు, మధ్యధరా సముద్రం దిక్కు నుండి, మోసుకొని వచ్చినదే. హిమాలయాలలో హిమానీనదాలు క్షీణిస్తూ ఉండగా కారకోరంలో అనేకం చాలకాలం నిలకడగా ఉండడానికి ఈ శీతకాలపు మంచు ఒక కారణమని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు.

పైన ఇంత మంచు, క్రింద లోయలో ఎడారి. నుబ్రా లోయలో హుందర్ వద్ద ఇసుక దిబ్బల మీద రెండు మూపురాల ఒంటెలు తిరుగుతుంటాయి. అవి పూర్వపు బిడారుల ఒంటెల సంతతి. లేహ్ నుండి యార్కండుకు వర్తకులు 5,540 మీటర్ల ఎత్తున ఉన్న కారకోరం కనుమ దాటి పోయేవారు. మధ్య ఆసియా నుండి హజ్ యాత్రికులు సైతం ఈ దారినే దిగి వచ్చి మన రేవులలో ఓడ ఎక్కేవారు. ఇది కోటగోడ అయితే వీరందరు ఎట్లా నడిచారు? ఇరవయ్యవ శతాబ్దం నడుమ సరిహద్దులు బిగుసుకొన్న తరువాతనే ఆ దారి మూతపడింది. మూసినది పర్వతం కాదు.

బల్తీ భాషలో సియాచిన్ అంటే గులాబీలు పూచే చోటు. సుమారు 76 కిలోమీటర్ల ఆ హిమానీనదం కరిగి నుబ్రా నది అవుతుంది. నుబ్రా ష్యోక్‌లో, ష్యోక్ సింధులో కలుస్తాయి. 1984 నుండి అక్కడ రెండు దేశాల సైన్యాలు ఎదురెదురుగా నిలిచి ఉన్నాయి. 2012 ఏప్రిల్‌లో గయారి వద్ద హిమపాతం క్రింద పాకిస్తాన్ వారు సుమారు 140 మంది సమాధి అయినారు. 2016 ఫిబ్రవరిలో మన జవానులు పదిమందిని మంచు పొట్టన పెట్టుకొన్నది. వారిలో ఒకరు అప్పటి కర్నూలు జిల్లావారు. ఆ వార్త చదివిన నాడు మనలో ఎందరము పటంలో సియాచిన్ మీద వేలు పెట్టగలిగి ఉండేవారము?

కనుక కాలేజి కమిటీవారికి మా విన్నపం ఒక్కటే. గోడకు వ్రేలాడే రంగుల పటంలో ఎత్తుపల్లాలు లేవు. భూగోళశాస్త్రం గదిలో ఒక మూల బల్ల వేయిస్తే, విద్యార్థులమే కారకోరానికి ఉబ్బెత్తు పటం తయారు చేస్తాము. కాగితపు గుజ్జు, సుద్ద, ఓపిక మా వంతు. రెండు ఆదివారాలు గది తాళంచెవి మాత్రం ఇప్పించవలెను.