క్వార్టర్ గుమ్మం ముందు ముగ్గు

మనం బదిలీ ఉద్యోగుల పిల్లలం. కొన్నేళ్లకోసారి ఊరు మారుతుంది. ఏ ఊరికెళ్లినా క్వార్టర్లు మాత్రం ఒకేలా ఉంటాయి. తలుపుకు నగిషీ ఉండదు, గోడకు బొమ్మ ఉండదు.

మలేషియాలోని తెరెంగానులో మలయులు తమ చెక్క ఇళ్ల తలుపులు, కిటికీల పైన తీగలు, పూలు చెక్కేవారు. ఆ సందుల్లోంచి గాలి, వెలుతురు లోపలికి వచ్చేవి. 1884లో అక్కడ కట్టిన ‘ఇస్తానా సాతు’ అనే చెక్క భవనాన్ని తరువాత కౌలాలంపూర్ జాతీయ మ్యూజియం ఆవరణకు తరలించారు. మనలాగే ఆ ఇంటికీ బదిలీ అయింది! భవనం దక్కింది. కానీ చెక్కడం నేర్చినవాళ్లు లేకపోతే కొత్త తలుపు మీదికి ఆ తీగ రాదు.

మన ఫెరార్‌గంజ్ ప్రాంతంలో బెంగాలీ, మలయాళీ, తమిళ, రాంచీ, తెలుగు కుటుంబాలు ఉన్నాయి. చుక్కలు పెట్టి పొడిపిండితో వేసేది మన ముగ్గు. బియ్యప్పిండిని నీళ్లలో కలిపి వేసేది బెంగాలీల అల్పన. ఛోటానాగ్‌పూర్ వైపు పంట పండుగకు మట్టిగోడల మీద వేసేది సోహ్రాయ్. ‘అందరం కలిసి ఉండేచోట ఎవరి గుర్తులు వారికెందుకు?’ అని కొందరంటారు. కలిసి ఉండడమంటే గుమ్మాలన్నీ బోసిగా ఉంచుకోవడం కాదని మా అభిప్రాయం.

అందుకే నెలకో శనివారం బడి వరండాలో ఒక్కో ప్రాంతం పిల్లలు తమ ఇంటి అలంకారం వేయాలి. మిగతావాళ్లు దాన్ని పేరుతో సహా నేర్చుకోవాలి. బదిలీ వచ్చినప్పుడు గుమ్మం ఇక్కడే ఉండిపోతుంది, నేర్చుకున్నది మనతో వస్తుంది. మొదటి శనివారం మనదే. అమ్మనో అమ్మమ్మనో అడిగి ఒక చుక్కల ముగ్గు నేర్చుకుని రండి.