వేషం మార్చిన సుడోకు

ఆదివారం పేపరు రాగానే సుడోకు పేజీ కోసం పోటీపడే ఇళ్లు చాలానే ఉంటాయి. వాళ్లకో చిన్న చిట్కా. పోయిన వారం సుడోకు తీసుకుని 1 ఉన్నచోట 5, 5 ఉన్నచోట 8, 8 ఉన్నచోట 1 వేసి పిల్లలకిస్తే కొత్తదే అనుకుని కుస్తీ పడతారు. పై రెండు అడ్డువరసల్ని అటూ ఇటూ చేసినా, పేజీని పక్కకు తిప్పినా అంతే. ఒక్క నియమమూ చెడదు. మనిషి అతనే, చొక్కా మారిందంతే!

లెక్కల్లో దీని పేరు సౌష్ఠవం. సుడోకు ప్రియులకు ఇదో సరదా. కంప్యూటర్‌కి మాత్రం గండం.

ఎందుకంటే, అంకెల్ని మాత్రమే మార్చుకునే తీరులు 3,62,880. అడ్డువరసలు, నిలువువరసలు, మూడేసి వరసల పట్టీలు కదిపి, పక్కకు తిప్పి చేసే మార్పులు ఇంకో 33,59,232. రెండూ గుణిస్తే లక్షా 20 వేల కోట్లు దాటుతుంది. పూర్తిగా నింపిన ఒక్క గడి ఇన్ని వేషాలు కట్టగలదన్నమాట. ఒక వేషంలో వెతికి ‘ఇక్కడేం లేదు’ అని తేల్చుకున్న కంప్యూటర్, రెండో వేషం ఎదురుకాగానే మళ్లీ మొదటి నుంచి వెతుకుతుంది. ముఖం గుర్తుపట్టదు మరి.

నియమాలు చెప్పి జవాబు వెతకమనే లెక్కలన్నిటా ఇదే తంటా. ఆస్పత్రిలో ఒకే హోదా ఉన్న పదిమంది నర్సులకు డ్యూటీ చార్టు వేయాలనుకోండి. ఒక చార్టు కుదరలేదంటే, పేర్లు తారుమారు చేసినవీ కుదరవు. మనిషికి అది చూడగానే తెలుస్తుంది. కంప్యూటర్ పేర్లు మార్చి మార్చి 36,28,800 సార్లు ప్రయత్నించినా ఆశ్చర్యం లేదు.

విరుగుడు ఏమిటంటే, అదనంగా ఓ నియమం పెట్టడం. ‘జాబితాలో ముందున్న నర్సుకి ముందు షిఫ్టు’ అన్నామా, వేషాల్లో ఒక్కటే మిగులుతుంది. మిగతావి వాటంతటవే తప్పుకుంటాయి. అయితే ఇలాంటి నియమాలు రెండు కలిస్తే కొంప మునగొచ్చు. ఇద్దరు వాచ్‌మన్లు, రెండు గేట్లు. ఎవరు ఎక్కడున్నా ఒకటే. ఒక గుమాస్తా ‘మొదటి వాచ్‌మన్‌కి చిన్న నంబరు గేటు’ అని రాశాడు. అది తెలియని ఇంకో గుమాస్తా ‘రెండో గేటు మొదటి వాచ్‌మన్‌దే’ అన్నాడు. విడివిడిగా రెండూ సరైనవే. రెండూ కలిపి ఇస్తే కంప్యూటర్ ‘అసలు డ్యూటీ వేయడమే కుదరదు’ అని తేల్చేస్తుంది! నకళ్లు తీసేయబోయి అసలునూ పారేశారు. పైగా జవాబు ‘లేదు’ అని వస్తే, నిజంగానే లేదో మనమే పోగొట్టామో చూడగానే తెలియదు.

సుడోకు ప్రపంచంలో ఓ పెద్ద ప్రశ్న ఇలాగే ఒక ‘లేదు’ మీద ఆధారపడింది. ఒకే ఒక్క జవాబు రావాలంటే గడిలో ముందుగా కనీసం ఎన్ని అంకెలు ఇవ్వాలి? 17 ఇచ్చిన పజిళ్లు వేలల్లో దొరికాయి. 16తో ఒక్కటీ దొరకలేదు. దొరకలేదంటే లేనట్టు కాదుగా!

సౌష్ఠవం పట్టుకుంటే కాగితం మీదే కొంత తేలుతుంది. ఇచ్చిన వాటిలో 4, 7 రెండూ అసలు కనిపించలేదంటే, జవాబులో వాటిని ఒకదాని స్థానంలో ఇంకోటి వేసినా చెల్లుతుంది. రెండు జవాబులొచ్చేస్తాయి. కాబట్టి కనీసం 8 రకాల అంకెలు కనిపించి తీరాలి. ఇంట్లో సుడోకు తయారుచేసేవాళ్లు ముందు ఇది సరిచూసుకోవచ్చు. కానీ 8 నుంచి 16కి చాలా దూరం.

నింపిన గడులు మొత్తం 6,670,903,752,021,072,936,960 అని 2005లో ఫెల్గెన్‌హావర్, జార్విస్ లెక్కగట్టారు. 22 అంకెల సంఖ్య! మరుసటి ఏడాది రస్సెల్, జార్విస్ వేషాలన్నీ విప్పి చూస్తే నిజంగా వేరువేరైనవి 547,27,30,538 అని తేలింది. కొండ గుట్టయింది.

ఆ గుట్టనే తవ్వారు ఐర్లాండ్‌లోని యూనివర్సిటీ కాలేజీ డబ్లిన్‌కు చెందిన గ్యారీ మెక్‌గ్వైర్, ఆయన సహచరులు. ఒక్కో కుటుంబం నుంచి ఒక్కో గడి తీసుకుని 16 అంకెలకు లొంగుతుందేమో చూశారు. ఇక్కడ ఒక్క కుటుంబం జాబితాలోంచి జారిపోయినా ‘లేదు’ అనే మాటకు విలువుండదు. ఎన్నో ప్రాసెసర్లున్న సూపర్ కంప్యూటర్ మీద పెట్టారు. ఒకే ప్రాసెసర్ చేసుంటే 800 ఏళ్లు పట్టే పని. వేషాలన్నీ విడివిడిగా చూడాల్సి వచ్చుంటే విశ్వం వయసు వేలసార్లు గడిచినా తెమిలేది కాదు.

2012 జనవరిలో వాళ్లు ఫలితం చెప్పారు. 16 అంకెల సుడోకు లేదు. 17 ఉండాల్సిందే.