సొమ్ము టికెట్టుది, షికారు బోర్డుది



పొద్దున్నే అన్నం డబ్బా పట్టుకుని కుందలహళ్ళి గేటు దగ్గర నిలబడే మనకు ప్రయాణ ఛార్జీ అంటే జీతంలో కోత. ఆ ఛార్జీని పెంచేవారికి అది కాగితం మీద అంకె. మేము అడుగుతున్నది ఒక్కటే: ఛార్జీ పెంచే అధికారం గలవారి ప్రయాణ ఖర్చు ఎంతో ఛార్జీ కట్టేవారికి తెలియాలి.

2025 జనవరి 5న కర్ణాటకలోని నాలుగు రవాణా సంస్థలు బస్సు ఛార్జీలను 15 శాతం పెంచాయి. బి.ఎం.టి.సి. నెల పాసు 1,050 రూపాయల నుంచి 1,200కు చేరింది. శక్తి పథకం వల్ల 2023 జూన్ నుంచి మన అక్కచెల్లెళ్ళకు సాధారణ బస్సుల్లో టికెట్టు లేదు. ఆ మేలు కాదనము. కాని మగవారి పాసు భారమూ ఆ ఇంటి మీదే పడుతుంది కదా!

2023 మార్చిలో కుందలహళ్ళికి మెట్రో వచ్చినప్పుడు సంతోషించాము. 2025 ఫిబ్రవరి 9న ఆ మెట్రో గరిష్ఠ టికెట్టు 60 రూపాయల నుంచి 90కి పెరిగింది. జనం మండిపడితే, ఏ రెండు స్టేషన్ల మధ్యా పెంపు 71 శాతం దాటకుండా సవరించారు. 71 శాతం వడ్డించి, దానికి తగ్గింపు అని పేరు పెట్టారు!

ఆ పెంపును సిఫారసు చేసింది 2002 నాటి మెట్రో చట్టం కింద వేసిన కమిటీ. దాని మాటకు మెట్రో సంస్థ కట్టుబడాలన్నది చట్టం. కమిటీవారు సింగపూర్, హాంకాంగ్ వెళ్ళి అక్కడి మెట్రోలను చూసి వచ్చారు. చూసి రావడం తప్పని మేము అనము. సముద్రం దాటి చూసినవారు షిఫ్టు మారే వేళ మన గేటు దగ్గర కూడా ఒక పూట నిలబడాలంటాము. వారి నివేదిక, వ్యవహారం హైకోర్టుకు ఎక్కాక, 2025 సెప్టెంబరులో గాని బయటికి రాలేదు. డబ్బు ముందు గుంజారు, కారణం ఏడు నెలల తరువాత చెప్పారు.

బస్సు సంస్థల సంగతీ చూడండి. 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం కింద బోర్డును నియమించేది రాష్ట్ర ప్రభుత్వం. 2024 జనవరిలో 30 మందికి పైగా ఎమ్మెల్యేలకు వివిధ నిగమాల, మండళ్ళ అధ్యక్ష పదవులు కేబినెట్ హోదాతో పంచారు. హోదా వెంట కారు, భత్యాలు వస్తాయి. అదే రవాణా సంస్థల్లో బండి నడిపే డ్రైవరు, టికెట్టు కొట్టే కండక్టరు మాత్రం 38 నెలల వేతన బకాయిల కోసం 2025 ఆగస్టు 5న సమ్మెకు దిగవలసి వచ్చింది. వారి పోరాటం మన పోరాటమే.

"బోర్డు ప్రయాణ ఖర్చు ఎంతని? కోట్ల నష్టంలో అది ఏపాటి?" అని కొందరు అంటారు. అంత చిన్నదైతే నోటీసు బోర్డు మీద అంటించడానికి ఇబ్బంది ఏమిటి? నెల పాసు మీద పెరిగిన 150 రూపాయలూ కోట్ల లెక్కలో చిన్నదే. మన జీతంలో చిన్నది కాదు. మిల్లులో ఒక బాబిన్ పోతే మనల్ని లెక్క అడుగుతారు. టికెట్టు సొమ్ముతో తిరిగేవారిని మనం అడగకూడదా?

ఇది గొంతెమ్మ కోరికేమీ కాదు. సంయుక్త కార్యదర్శి స్థాయి, ఆ పై అధికారుల పర్యటనల వివరాలు, ఎక్కడికి, ఎందరు, ఎన్ని రోజులు, ఎంత ఖర్చు, మూడు నెలలకొకసారి బయటపెట్టాలని కేంద్ర ప్రభుత్వం సమాచార హక్కు చట్టం కింద 2013 ఏప్రిల్‌లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. కేంద్ర కార్యాలయాలకు తగినది బెంగళూరు బస్సుకు, మెట్రోకు తగదా?

2010 ఫిబ్రవరి నుంచి నెలనెలా 4వ తేదీని "బస్ డే"గా జరిపి, సొంత బండి వదిలి బస్సు ఎక్కండని బి.ఎం.టి.సి. జనానికి బోధించింది. మంచి బోధే. దాన్ని మొదట బోర్డు ఆచరించాలి.

మా డిమాండ్లు:

1. బోర్డు సభ్యుల, ఛార్జీల కమిటీల ప్రయాణ ఖర్చును మూడు నెలలకొకసారి ప్రతి డిపోలో, ప్రతి మెట్రో స్టేషనులో కన్నడంతో పాటు మన తెలుగు, తమిళ భాషల్లో ప్రకటించాలి.

2. ఛార్జీ పెంచే ముందు నివేదికను జనం ముందు పెట్టాలి.

3. బోర్డు సభ్యులు సమావేశానికి బస్సులోనో మెట్రోలోనో, సొంత డబ్బుతో టికెట్టు కొని రావాలి.

ఈ డిమాండ్ల మీద సంతకాల సేకరణ మొదలుపెడుతున్నాము. ప్రతి షిఫ్టులోని ప్రతి కార్మికుడూ, కార్మికురాలూ సంతకం చేయాలి.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!